తులిప్ ప్యాకెట్టూ నేలసంపెంగ గడ్డా

బిల్లింగ్ కౌంటర్ పక్కన, చాక్లెట్లకూ బ్యాటరీలకూ నడుమ ఒక రంగుల ప్యాకెట్ వేలాడుతుంటుంది. దాని మీద ఎర్రటి తులిప్ పూల వరసలు, వెనకాల ఓ గాలిమర. లోపల మూడు గడ్డలు. ధర 99 రూపాయలు. నెల సరుకుల కోసం డిస్కౌంట్ స్టోర్‌కు వచ్చినవాళ్లు దాన్ని ఒకసారి తిప్పి చూసి, కందిపప్పు ప్యాకెట్ల మీద పడేసి ముందుకు కదులుతారు. ఇంటికెళ్లి కుండీలో నాటుతారు, రోజూ నీళ్లు పోస్తారు, పిల్లలకు చూపిస్తారు. నెల తిరిగేసరికి మట్టి తవ్వి చూస్తే మెత్తగా కుళ్లిన గడ్డ చేతికంటుకుంటుంది. తమ చేతిలో ఏదో లోపముందని, తమకు మొక్కలు అచ్చిరావని అనుకుంటారు. లోపం వాళ్ల చేతిలో లేదు.

తులిప్ చలిప్రాంతపు మొక్క. దాని పుట్టిల్లు మధ్య ఆసియా కొండలు. మట్టిలో ఉన్న గడ్డకు 12 నుంచి 16 వారాల పాటు సుమారు తొమ్మిది డిగ్రీల లోపు చలి తగిలితేనే లోపలి మొగ్గకు కాడ సాగుతుంది. ఇప్పుడు హైదరాబాద్ శివారు శంషాబాద్ సంగతి చూద్దాం. ఇక్కడి విమానాశ్రయం సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తున, దక్కన్ పీఠభూమి మీద ఉంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఇక్కడ ఉష్ణోగ్రత పది, పన్నెండు డిగ్రీలకు దిగిన రోజులుంటాయి. మధ్యాహ్నానికి మళ్లీ ఇరవై ఎనిమిది. ఆ చలి తులిప్‌కు చాలదు. ముందే శీతల గిడ్డంగిలో చలి పట్టించిన గడ్డయితే ఒక్కసారి పూయవచ్చు. ఆ ఏడాది పూసిందే ఆఖరు. ఈ సంగతి ప్యాకెట్ మీద ఎక్కడా ఉండదు. ఎప్పుడు తవ్విన గడ్డో, చలి పట్టించారో లేదో, గిడ్డంగిలో ఎన్నాళ్లు పడుందో చెప్పే తేదీ కూడా కనబడదు.

శ్రీనగర్‌లో జబర్వాన్ కొండల పాదాన ఉన్న తులిప్ తోటను 2007లో తెరిచారు. పదిహేను లక్షలకు పైగా గడ్డలు పూసే తోట అది. అంత చలి ఉన్న చోట కూడా పూల పండుగ మార్చి చివర మొదలై నెల రోజుల్లో ముగుస్తుంది, హాలండ్ నుంచి కొత్త గడ్డలు తెప్పిస్తూనే ఉంటారు. ఢిల్లీలో శాంతిపథ్ వెంట ఫిబ్రవరిలో కనిపించే తులిప్‌లు ముందుగా చలి పట్టించి తెచ్చినవి. న్యూఢిల్లీ పురపాలక మండలి వాటిని ఆ ఒక్క సీజను కోసమే నాటిస్తుంది. హిమాచల్‌లోని పాలంపూర్‌లో సీఎస్ఐఆర్ ప్రయోగశాల దేశంలోనే తులిప్ గడ్డలు పెంచే పని చేపట్టింది. హిమాలయాల అంచున శాస్త్రవేత్తలు శ్రమపడి చేస్తున్న పనిని శంషాబాద్‌లో పడమటి ఎండ కొట్టే బాల్కనీ చేస్తుందని ఆశపెట్టి అమ్మడం న్యాయం కాదు.

ఇంకో మాట. ఇలాంటి ప్యాకెట్లను చాలా చోట్ల కూరగాయలు, పండ్ల విభాగం పక్కనే పెడతారు. పండుతున్న అరటి, ఆపిల్ పండ్ల నుంచి ఇథిలీన్ వాయువు వెలువడుతుంది. అది సోకితే తులిప్ గడ్డలోని పసి మొగ్గ లోపలే మాడిపోతుంది. ప్రాణమున్న సరుకునీ ప్రాణం లేని సరుకునీ ఒకే తీరున షెల్ఫుల్లో సర్దితే జరిగేది ఇదే.

గడ్డల పూలు కావాలనుకునేవాళ్లకు దక్కన్‌లో కొరత లేదు. చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి, షాబాద్ మండలాల్లో పూల సాగు తెలియని ఊరు తక్కువ. బంతి, చామంతి, గులాబీ, పాలీహౌసుల్లో జెర్బెరా. వాటితో పాటు నేలసంపెంగ. గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో దీన్ని లిల్లీ అనే అంటారు, పెళ్లి దండల్లో తెల్లగా కనిపించేది ఇదే. దీని పుట్టిల్లు మెక్సికో. అంటే ఇదీ పరదేశపు మొక్కే. కానీ ఎండను ఓర్చుకుంటుంది, మన ఎర్రనేలలో కుదురుకుంటుంది, నాటిన మూడు నెలలకు కాడ వేస్తుంది. గడ్డ ఒకసారే పూస్తుంది గానీ దాని చుట్టూ పుట్టే పిల్లగడ్డలు మరుసటి ఏడాదికి సిద్ధమవుతాయి. బెంగళూరు శివార్లలో హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ శృంగార్, ప్రజ్వల్ అనే ఒంటిరెక్క రకాలనూ, సువాసిని, వైభవ్ అనే ముద్ద రకాలనూ విడుదల చేసింది. శృంగార్‌కు వేరుబుడిపె నులిపురుగును తట్టుకునే గుణం కూడా ఉంది. ఇంత పరిశోధన జరిగిన గడ్డ, రైతు చేతిలో ఉన్న గడ్డ, ఏ మాల్ షెల్ఫు మీదా కనిపించదు. దాని మీద గాలిమర బొమ్మ లేకపోవడమే కారణం కాబోలు.

వాన లిల్లీ ఉంది. వేసవంతా చచ్చినట్టు పడుండి, మొదటి గట్టి వాన పడిన నాలుగైదు రోజులకు గులాబి రంగు పూలతో లేచి నిలబడుతుంది. మే నెలలో బంతిలా ఎర్రగా విచ్చుకునే ఫుట్‌బాల్ లిల్లీ ఉంది. ఏడాదికోసారి ఆకు లేకుండా బారెడు కాడ మీద పూసే అమరిల్లిస్ ఉంది. పాత ఇళ్లలో బావి గట్టున, బట్టలు ఉతికే బండ పక్కన ఎవరూ పట్టించుకోకపోయినా పెరిగే మెట్టతామర సరేసరి. ఇవన్నీ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పిలకలుగా తరలినవే. కొనాలన్నా ఒక్కో గడ్డకు పెద్దగా ఖర్చు కాదు.

గడ్డను చూసి కొనడం తెలుగువాళ్లకు కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు. తెలంగాణలో ఉల్లిని ఉల్లిగడ్డ అంటారు. రైతుబజారులో ఉల్లిగడ్డ ఏరే చేతికి పూలగడ్డ ఏరడమూ తెలుసు. అరచేతిలో పెట్టుకుంటే సైజుకు మించిన బరువు తగలాలి. బొటనవేలితో నొక్కితే మెత్తబడకూడదు. అడుగున వేళ్లు పుట్టే బిళ్ల పొడిగా, పగలకుండా ఉండాలి. ఆ బిళ్ల కుళ్లితే పైన ఎంత నిగనిగలాడినా గడ్డ పనికిరాదు. మెడ దగ్గర నీలం, ఆకుపచ్చ బూజు ఉంటే పక్కన పెట్టేయాలి. నేలసంపెంగకైతే రెండున్నర, మూడు సెంటీమీటర్ల మందం ఉన్న గడ్డ ఆ ఏడాదే పూస్తుంది. అంతకు చిన్నది ఆకు వేసి ఊరుకుంటుంది. తవ్విన వెంటనే కాకుండా నాలుగైదు వారాలు నీడన ఆరబెట్టిన గడ్డ మేలు. ఈ పరీక్షలన్నీ చేతితో తాకి చేసేవి. సీలు వేసిన ప్యాకెట్‌లోకి వేలు పోదు. దాంట్లో ఆవిరి పట్టిందో, గడ్డ వడిలిందో ఇంటికెళ్లి కత్తెర పెట్టాకే తెలుస్తుంది. ఆసియాటిక్, ఓరియంటల్ లిల్లీల గడ్డలకైతే ఉల్లికి ఉన్నట్టు పైపొర కూడా ఉండదు. పొలుసులు పొలుసులుగా ఉండే ఆ గడ్డ వేడి గిడ్డంగిలో కొద్ది రోజుల్లోనే ఎండుతుంది.

గడ్డల మాట అలా ఉంచితే మొక్కల సంగతి ఇంకా సున్నితం.

డిస్కౌంట్ స్టోర్‌లో మొక్క తక్కువ ధరకు దొరకడానికి కారణముంది. అక్కడ దాన్ని చూసుకునే మనిషి జీతం ఆ ధరలో లేదు. గ్రీన్‌హౌసులో తేమ గాలి మధ్య కొబ్బరి పొట్టులో పెరిగిన మొక్క ఏసీ గదిలో ట్యూబులైట్ కింద నిలబడుతుంది. బిల్లులు కొట్టే కుర్రాడే తీరిక దొరికితే నీళ్లు పోస్తాడు. సోమవారం వచ్చిన మొక్క శనివారానికి సగం ప్రాణంతో ఉంటుంది. అప్పుడు దాని మీద యాభై శాతం తగ్గింపు స్టిక్కర్ పడుతుంది. కొన్నవారు దాన్ని తెచ్చి బాల్కనీలో ఒక్కసారిగా ఎండకు పెడతారు. ఆకులు మాడి రాలిపోతాయి.

అమెరికాలో ఈ వ్యాపారం ఎప్పుడో ముదిరింది. అక్కడి పెద్ద గొలుసు దుకాణాల్లో కొన్ని మొక్కలు కౌంటర్ దగ్గర స్కాన్ అయినప్పుడే పెంచినవాడికి డబ్బు చెల్లించే పద్ధతి పెట్టుకున్నాయి. షెల్ఫు మీద మొక్క చస్తే నష్టం పెంచినవాడిది, దుకాణానిది కాదు. నష్టం లేనిచోట శ్రద్ధ ఎందుకుంటుంది? 2009 వేసవిలో అక్కడి ఈశాన్య రాష్ట్రాల టమాటా తోటలను లేట్ బ్లైట్ తెగులు ఊడ్చిపెట్టింది. 1845లో ఐర్లండ్‌ను కరువులోకి నెట్టిన తెగులు అదే. దాన్ని అంత వేగంగా ఇన్ని ఊళ్లకు మోసుకెళ్లింది గొలుసు దుకాణాల్లో పెరటి తోటల కోసం అమ్మిన టమాటా నారేనని అక్కడి శాస్త్రవేత్తలు తేల్చారు. ఒకే చోట పెరిగిన నారు కొద్ది వారాల్లో వందల దుకాణాలకు చేరితే తెగులుకు అంతకన్నా మంచి వాహనం ఉండదు.

అలాగని నర్సరీ అన్న బోర్డు కనబడగానే దండం పెట్టక్కర్లేదు. ఇక్కడ నిజం చెప్పుకోవాలి. శంషాబాద్ చుట్టూ రోడ్ల పక్కన ఉండే నర్సరీల్లో చాలా భాగం మొక్కల్ని తామే పుట్టించినవి కావు. తూర్పుగోదావరి జిల్లా కడియం, కడియపులంక నుంచి లారీలు వస్తాయి. పుణె వైపు నుంచి, బెంగళూరు, హోసూరు నుంచి గులాబీలు, ఇండోర్ మొక్కలు వస్తాయి. కడియం పేరు దేశమంతా తెలుసు. పల్లా వెంకన్న లాంటివాళ్లు ఆ ఊళ్లను మొక్కల ఊళ్లుగా నిలబెట్టారు, అంట్లు కట్టడం అక్కడ ఇంటింటి విద్య. కానీ కడియం మొక్క గోదావరి ఒండ్రుమట్టి ముద్దలో పెరుగుతుంది. ఆ మట్టి తడిగా ఉన్నంతసేపు వెన్నలా ఉంటుంది, ఎండితే ఇటుకలా బిగుస్తుంది. గోదావరి గాలిలోని తేమ వేరు, ఏప్రిల్‌లో శంషాబాద్‌లో వీచే వడగాలి వేరు. దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు లారీలో వచ్చిన మొక్కను ఆ సాయంత్రమే అమ్మేసే నర్సరీకీ, డిస్కౌంట్ స్టోర్‌కూ పెద్ద తేడా లేదు.

తేడా వచ్చేది లారీ దిగిన తర్వాత. మంచి నర్సరీవాడు మొక్కను దించి గ్రీన్ నెట్ కింద రెండు, మూడు వారాలు ఉంచుతాడు. ఒండ్రు ముద్దను వదులు చేసి ఎర్రమట్టి, పశువుల ఎరువు, ఇసుక కలిపిన కుండీలోకి మారుస్తాడు. నెట్ కింద నుంచి పొద్దుటి ఎండలోకి, అక్కడి నుంచి నిండు ఎండలోకి మెల్లగా జరుపుతాడు. ఈ ఎండకు అలవాటు పడలేని మొక్క అతని దగ్గరే చస్తుంది, ఆ నష్టం అతనే భరిస్తాడు. బతికినదే కొనేవారి ఇంటికి వస్తుంది. స్టోర్‌లో 80 రూపాయలకు దొరికే మొక్కకు నర్సరీలో 150 చెప్పారంటే ఆ తేడా ఈ రెండు, మూడు వారాల నీళ్లది, చచ్చిపోయిన మొక్కలది.

ఆ ధరలో ఇంకొకటి కూడా ఉంది. మంచి నర్సరీలో నిలబడి వింటే ఇలాంటి మాటలు చెవిన పడతాయి.

"అన్నా, ఈ గులాబీ అంటుదేనా?"

"అంటుదే అక్కా. గిక్కడ చూడు, మట్టికి రెండు వేళ్ల పైన ముడి ఉన్నది. దీని కింద నుంచి ఏం మొలిచినా తీసెయ్యాలె. లేకుంటే అడవి కొమ్మ పెరిగి అసలు గులాబీ పోతది. మీ బాల్కనీల ఎండ ఎంతసేపుంటది?"

"పొద్దున రెండు గంటలు ఉంటది."

"గంతేనా? గట్లయితే గులాబీ వద్దక్కా, పైసలు దండుగ. దీనికి ఐదారు గంటల ఎండ గావాలె. కెలాడియం గడ్డలు తీస్కపో, నీడకు మంచిగుంటయి."

చేతికొచ్చిన బేరాన్ని వదులుకుని నిజం చెప్పే అమ్మకందారు ఏ షెల్ఫు దగ్గర దొరుకుతాడు? బార్‌కోడ్ మీ బాల్కనీ ఏ దిక్కున ఉందో అడగదు. నెల తర్వాత ఆకుల మీద తెల్లటి దూదిలా పిండినల్లి పడితే ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే "వేపనూనె కొట్టక్కా, వారానికోసారి" అని జవాబిచ్చేవాడు నర్సరీవాడే.

అయినా నర్సరీల తప్పులు తక్కువేమీ కాదు, కొనేవారు మొహమాటపడి వాటిని దాచనక్కర్లేదు. విత్తు మొక్కను అంటు మామిడి అని అమ్మేవాళ్లున్నారు. అది తప్పని తెలిసేసరికి ఐదారేళ్లు గడిచిపోతాయి, అప్పుడు నిలదీయడానికి ఆ నర్సరీయే అక్కడ ఉండకపోవచ్చు. పూలున్న కుండీని చూపించి, పేరడిగితే తోచిన పేరు చెప్పేవాళ్లున్నారు. కాక్టస్‌కు రంగు పూసి అమ్మడం అందరూ చూస్తున్నదే. ధర మనిషిని బట్టి, కారును బట్టి మారుతుంది. కొత్తగా మొక్కలు పెంచుదామనుకున్న యువ ఉద్యోగులు స్టోర్‌కు పోవడానికి అసలు కారణం ఇదే. అక్కడ ధర రాసి ఉంటుంది, బేరమాడక్కర్లేదు, బిల్లు ఇస్తారు. ఆ నమ్మకాన్ని నర్సరీలు కూడా ఇవ్వాలి. ప్రతి మొక్కకూ రకం పేరు, అంటా విత్తా అన్న మాట, ధర రాసిన చిన్న చీటీ కట్టడానికి పెద్ద ఖర్చు అవసరం లేదు. మొక్కల మీద జీఎస్టీ లేదు కాబట్టి బిల్లు ఇస్తే పన్ను పడుతుందన్న సాకు కూడా కుదరదు. ఉమ్మడి రాష్ట్రంలో 2010లోనే ఉద్యాన నర్సరీల నమోదు కోసం చట్టం వచ్చింది. తల్లి మొక్క ఎక్కడిదో, అంటు ఏ రకానిదో రికార్డు ఉండాలన్నది అలాంటి చట్టం ఉద్దేశం. రోడ్డు పక్క నర్సరీలో ఆ నమోదు పత్రాన్ని గోడకు వేలాడదీయడం ఆనవాయితీ కావాలి. కొనేవాళ్లు అడిగితే అవుతుంది.

పురుగుల సంగతి దగ్గర స్టోర్, నర్సరీ, ఆన్‌లైన్ అన్న తేడా చెరిగిపోతుంది. 2021–22లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మిర్చి రైతుల్ని నిండా ముంచిన నల్ల తామర పురుగు గుర్తుందా? ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఆ పురుగును మన దేశంలో మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. డాలియా, చామంతి, ఆంథూరియం లాంటి అలంకరణ మొక్కల మీదా అది బతుకుతుంది. 2016లో తమిళనాడు పొల్లాచ్చి కొబ్బరి తోటల్లో కనిపించిన సర్పిలాకార తెల్లదోమ ఆ తర్వాత గోదావరి జిల్లాల కొబ్బరికీ పాకింది. అది కూడా అనేక అలంకరణ మొక్కల ఆకుల అడుగున కుదురుకునే పురుగే. కుండీలో మొక్క కొన్నవారు ఆకు తిప్పి అడుగు భాగం చూడాలని చెప్పడం చాదస్తం కాదు. ఇంటికి తెచ్చిన మొక్కను పదిహేను రోజులు మిగతా కుండీలకు దూరంగా ఉంచడం ఇంకా మంచిది.

ఈ విషయంలో శంషాబాద్ వాళ్లకు ఒక ప్రత్యేకమైన వరముంది. దేశంలో మొక్కల ఆరోగ్యాన్ని కాపలా కాసే సంస్థలు వాళ్ల ఇంటి దారిలోనే ఉన్నాయి. విమానాశ్రయం నుంచి నగరం వైపు వస్తే రాజేంద్రనగర్. అక్కడ జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఉంది. విదేశాల నుంచి పరిశోధన కోసం వచ్చే విత్తనాలను, మొక్కలను క్వారంటైన్‌లో పరీక్షించే జాతీయ మొక్కల జన్యు వనరుల బ్యూరో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆచార్య జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, పూల పరిశోధన స్థానం ఉన్నాయి. విదేశం నుంచి గడ్డ గానీ మొక్క గానీ దేశంలోకి రావాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఎగుమతి చేసిన దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. ఆన్‌లైన్‌లో ఏ దేశం నుంచో తెలియకుండా గడ్డలు తెప్పించుకునేవాళ్లు ఈ సంగతి తెలియక తప్పు చేస్తున్నారు.

ఇదే విమానాశ్రయం నుంచి ఎదురు దిశలో జరిగేది కూడా ఉంది. అమెరికాలో కొడుకు దగ్గరికి, కూతురు దగ్గరికి వెళ్లే అమ్మలు చీరల మధ్య కరివేపాకు పిలక, మల్లె అంటు చుట్టుకుని వెళ్లాలని చూస్తారు. ఆ ప్రేమ అర్థమయ్యేదే. కానీ కరివేపాకు నిమ్మజాతి కుటుంబపు మొక్క. నిమ్మ, నారింజ తోటలను చంపే గ్రీనింగ్ తెగులును మోసే సిల్లిడ్ పురుగు దాని మీద బతుకుతుంది. అందుకే పచ్చి కరివేపాకును కూడా అమెరికా కస్టమ్స్‌వాళ్లు లోపలికి రానివ్వరు. ఫ్లోరిడా, టెక్సస్, కాలిఫోర్నియాల్లో కరివేపాకు మొక్కను ఒక చోటు నుంచి మరో చోటుకు తరలించడం మీదే ఆంక్షలున్నాయి. అక్కడి తెలుగువాళ్లు కూడా స్థానికంగా అనుమతి ఉన్న నర్సరీలో ధ్రువీకరించిన మొక్కనే కొనుక్కోవాలి. హ్యూస్టన్ అయినా శంషాబాద్ అయినా ఈ మాటలో తేడా లేదు.

ఇప్పుడు నేల సంగతి. శంషాబాద్ చుట్టూ నర్సరీలు ఎందుకు ఇన్ని వెలిశాయో తెలిస్తే, అవి ఎంత కాలం ఉంటాయో కూడా తెలుస్తుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరీవాహకాన్ని కాపాడేందుకు 1996 మార్చిలో 111 జీవో వచ్చింది. పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకు, పరిశ్రమలకు అడ్డుకట్ట పడింది. శంషాబాద్ మండలంలోని ఊళ్లు కూడా అందులో ఉన్నాయి. ఆ నేల చాలా కాలం సాగుకు, పూలకు, తోటలకు మిగిలింది. దాదాపు 5,500 ఎకరాల్లో కట్టిన విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. అవుటర్ రింగ్ రోడ్డు వచ్చింది, కాలనీలు వచ్చాయి. కొత్త ఇళ్లకు మొక్కలు కావాలి, కట్టడం మొదలవని ప్లాట్లు కౌలుకు దొరుకుతాయి. ఆ రెండింటి నడుమ నర్సరీ పుట్టింది. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ పాత ఆంక్షలు తొలగిస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. ఆరాంఘర్ నుంచి శంషాబాద్ దాకా రహదారి విస్తరణ పడింది. కౌలు ప్లాటు యజమాని పునాది తవ్విన రోజున నర్సరీ గ్రీన్ నెట్ మడుచుకుని ఇంకో చోటుకు పోవాలి. కుండీల్లోని మొక్కలు లేస్తాయి గానీ, నర్సరీవాడు తల్లి మొక్కలుగా నేలలో నాటుకున్నవి లేవవు. తల్లి మొక్కలు లేని నర్సరీ లారీల మీదే బతకాలి. స్థానిక నర్సరీ పేరుకే స్థానికం కావడానికి ఇదొక పెద్ద కారణం. ఈ నష్టాన్ని ఎవరూ లెక్కలో వేయడం లేదు.

ప్రభుత్వమే కొనేటప్పుడు ఏమైందో కూడా చూశాం. 2015 జులై 3న శంషాబాద్‌కు దూరంలో లేని చిలుకూరులో తెలంగాణ ప్రభుత్వం మొక్కలు నాటే కార్యక్రమం, హరితహారం మొదలైంది. ఆ తర్వాత ఊరూరా పంచాయతీ నర్సరీలు వచ్చాయి. అది మంచి పని, ఇప్పటికీ పల్లెల్లో కరివేపాకు, గోరింట, జామ మొక్కలు ఉచితంగా దొరికేది అక్కడే. కానీ రోడ్ల డివైడర్ల మీద త్వరగా పచ్చగా కనిపించాలన్న తొందరలో కోనోకార్పస్‌ను విపరీతంగా నాటారు. సులువుగా పెరుగుతుంది, పశువులు ముట్టవు, ఎక్కడ చూసినా దొరుకుతుంది. పుప్పొడితో అలర్జీ వస్తుందని, వేళ్లు పైపుల్లోకి చొరబడతాయని ఫిర్యాదులు వచ్చాక 2022లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని నాటడం ఆపమంది. 2023లో గుజరాత్ నిషేధించింది. ఈ నేలలో ఏది నిలుస్తుంది, ఏది హాని చేస్తుంది అని అడగకుండా, దొరికిందే కదా అని తెచ్చి నాటినందుకు కట్టిన మూల్యం అది.

డిస్కౌంట్ స్టోర్‌లో కొనదగినవి లేవని కాదు. కుండీలు, ట్రేలు, నీళ్లు చల్లే డబ్బా, కొబ్బరి పొట్టు ఇటుక, కత్తెర అక్కడే చవక, బిల్లూ ఉంటుంది. అవి చచ్చేవి కావు. మొక్క మాత్రం చూసి, తాకి, నాలుగు మాటలడిగి కొనాలి. స్టోర్‌లోనే కొనక తప్పకపోతే సరుకు దిగిన రోజున కొనాలి, తగ్గింపు స్టిక్కర్ పడిన రోజున కాదు. కుండీని వంచి కొద్దిగా బయటికి లాగి చూస్తే వేళ్లు తెల్లగా ఉండాలి. గోధుమ రంగులో తడితడిగా వాసన వేస్తే ఎంత పూలున్నా వద్దు. నిండా పూసిన మొక్క కన్నా మొగ్గలున్న మొక్క మేలు.

ఇక ఈ ఏడాది గడ్డలు నాటాలనుకునేవారికి ఒక విజ్ఞప్తి. తులిప్ ప్యాకెట్ అక్కడే వేలాడనివ్వండి. మృగశిర కార్తె, పల్లెల్లో మిరుగం అనేది, జూన్ మొదటి పక్షంలో వస్తుంది. ఆ లోపు దగ్గరున్న నర్సరీకో, చేవెళ్ల వైపు నేలసంపెంగ వేసిన రైతు దగ్గరికో వెళ్లి, మూడు సెంటీమీటర్ల గడ్డలు ఓ డజను ఏరుకోండి. రకం పేరు అడిగి రాసుకోండి, బిల్లు అడగండి. తొలకరికి నాలుగైదు సెంటీమీటర్ల లోతున, జానెడు ఎడంలో నాటితే, బతుకమ్మ నాటికి వాటి కాడలు విచ్చుకుని ఉంటాయి.